ఉత్తరానికి దూకిన కతూన్

మా చిన్నప్పుడు... అమెరికాలోని నేపర్‌విల్‌లో మా ఐదో క్లాసు గదంతా ఓ రోజు నెయ్యి వాసన కొట్టింది. కారణం నేనే!

టీచర్ ఒక్కొక్కరికి ఒక్కో నది ఇచ్చారు. నాకు సైబీరియాలోని కతూన్ వచ్చింది. ఆల్టాయ్ పర్వతాల్లో, బెలూఖా శిఖరం మీది మంచు కరిగి పుట్టే నది. చెక్క పలక మీద కొండలు కట్టి, నీళ్లు పోసి నదిని పారించాలి. సరిగ్గా పారితేనే స్కూల్ ఎగ్జిబిషన్‌లో చోటు. అప్పటిదాకా నన్ను ఎవరూ దేనికీ సెలెక్ట్ చేయలేదు... అందుకే అంత పట్టుదల.

అమ్మ మైదాపిండిలో ఉప్పేసి కొండలు చేసింది. నీళ్లకు కరగకుండా పైన పేరిన నెయ్యి మెత్తింది. నది దారి నేను పుస్తకం చూసి గీశాను. వాలు మాత్రం నాన్నది. ఆయన రాజమండ్రి మనిషి, పైగా ఇంజినీరు... "నదులన్నీ తూర్పుకే పోతాయే తల్లీ, నేను చూడని గోదావరా!" అంటూ పడమర అంచు కింద చెక్కముక్క పెట్టేశారు. ఇంక అడిగేదెవరు?

క్లాసులో గ్లాసుతో నీళ్లు పోశాను. దారీ లేదు, మలుపూ లేదు... గట్టు దాటి తిన్నగా తూర్పుకి, టేబుల్ మీంచి టీచర్ బూట్ల మీదకి! అందరూ ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది.

పలక మోసుకొచ్చిన అమ్మ నా వెనకే ఉంది. "ఏడుపు తర్వాత... అది ఎటు పోవాలో ముందు చూడవే" అంది.

పుస్తకం తెరిచాను. ఉత్తరానికి! బియా నదితో కలిసి, ఓబ్‌గా మారి, ఆర్కిటిక్ దాకా పోవాల్సిన నీళ్లు తూర్పుకెందుకు వస్తాయి?

"టీచర్, వన్ మోర్ టైమ్!" అని చెక్కముక్క పీకేశాను. అమ్మ నా లంచ్‌బాక్స్‌ని దక్షిణం అంచు కింద దూర్చింది. మళ్లీ పోశాను. నీళ్లు బెలూఖాని చుట్టి, పడమటి మలుపులో ఆగిపోయాయి... ఇంకో గ్లాసు ఒంపాను. కదిలింది నా తల్లి! కొండల మధ్యనుంచి గలగలా ఉత్తరానికి దూకి, చివరనున్న గిన్నెలో పడింది. నవ్విన వాళ్లే బల్లలు చరిచి కేకలు పెట్టారు. నేనైతే గాల్లో ఉన్నాను!

ఎగ్జిబిషన్‌లో మా కతూన్‌ది మొదటి టేబుల్. నాన్న వచ్చి, "మా గోదావరికి చెప్పకే!" అని నవ్వి, వచ్చిన వాళ్లందరికీ తనే నీళ్లు పోసి చూపించారు.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్‌లో వేలు జరిపి ఏ నది ఎటు పోతుందో క్షణంలో చెప్పేస్తుంది. ఒక్కటీ తప్పు చెప్పదు... క్లాసంతా నవ్వాక గెలవడంలో ఉన్న మజా పాపం దానికెలా తెలుస్తుంది? మీరూ అలా ఓడిపోబోయి గెలిచిన రోజుంటే రాయండి... చదవాలనుంది.