సోమలింగానికి విమానం టికెట్

నవ్వదలచుకున్నవాళ్ళు ముందే మంచినీళ్ళు తాగి కూర్చోండి. ఖాళీ సీటుకు టికెట్ కొని, బెల్టు బిగించి, ఆకాశంలో ఊరేగించిన మహానుభావుణ్ణి నేనే.

బేతంచెర్లలో మాది నాపరాళ్ళ పాలిష్ మిషన్. జేబులో కొలత టేపు లేకపోతే నాకు చొక్కా వేసుకోనట్టే ఉంటుంది. రెండేళ్ళుగా మా ఆవిడా నేనూ వేరుగా ఉంటున్నాం. మా పాప చిన్ని ఆమెతో బెంగుళూరులో ఉంటుంది, నేను ఫోనులో మొహం చూసుకుంటాను. ఇల్లంతా అద్దంలాంటి రాళ్ళు పరిచాను గానీ వాటి మీద నడిచేది నేనొక్కణ్ణే. అలాంటిది ఒకరోజు మా ఆవిడే ఫోను చేసింది.

"సెలవులకు పాపను తీసకపో. కానీ కారులో ఒళ్ళో కూర్చోబెట్టుకుంటానంటే పంపను. పిల్లల సీటు ఉండాల."

పాపను విమానంలో తెద్దామని నా లెక్క. నేల మీద పోయే కారుకే సీటు కావాలంటే ఆకాశంలో పోయే విమానానికి వద్దా? ఇదీ నా తెలివి. విమానం వాళ్ళకు ఫోను చేసి వాళ్ళ కుర్చీ వెడల్పు కనుక్కుని, టేపుతో కర్నూలులో పిల్లల సీట్లమ్మే దుకాణానికి పోయాను.

"పాపను పిల్చకరాప్పా, కూర్చోబెట్టి చూద్దాం," అన్నాడు దుకాణం ఆయన.

"పాప ఈడ లేదన్నా. కొలతలంటావా, అవి నాకు వదిలెయ్."

కొన్న సీటును లగేజీలో వేస్తే పగలగొడతారని భయం. రాళ్ళు దించేవాళ్ళను రోజూ చూసేవాడికి ఆ మాత్రం భయం ఉండదా? అందుకే దానికీ టికెట్ కొన్నాను. ఓర్వకల్లు విమానాశ్రయంలో ఎక్కిన విమానం చిన్నది, అటు రెండు కుర్చీలు, ఇటు రెండు. సీటును కిటికీ పక్కన బిగించాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. నాకు ఆలూ ఉంది, బిడ్డా ఉంది, ఇద్దరూ బెంగుళూరులో ఉన్నారు. పక్కన ఉన్నది సోమలింగం ఒక్కడే.

"పాప ఎక్కడ సార్?" అని విమానంలో పనిచేసే అమ్మాయి అడిగింది.

"బెంగుళూరులో ఉండాదమ్మా. సీటు ఇప్పుడు ఖాళీగా పోతాండాది, వచ్చేటప్పుడు నిండుతాది."

ఆ అమ్మాయి బెల్టు ఒకసారి లాగి చూసి ముందుకు పోయింది. నడవకు అవతల అప్పుడే వచ్చి కూర్చున్న ఒక అవ్వ మాత్రం చాలాసేపు సోమలింగాన్నే చూసింది.

"బిడ్డ యాడుండాది నాయనా?"

"నా దగ్గర లేదవ్వా," అంటూ సోమలింగం బెల్టు సవరించి కళ్ళు తుడుచుకున్నాను.

అవ్వ చెయ్యి చాపి నా భుజం మీద వేసింది. "ఏడువు నాయనా. ఇచ్చినోడే తీసకపోయినాడు. మనమేం చేస్తాం."

పాప నిక్షేపంగా ఉందని అప్పుడే చెప్పాల్సింది. కానీ రెండేళ్ళలో నా భుజం మీద చెయ్యి వేసిన మనిషి ఆమె ఒక్కతే. చెబితే ఆ చెయ్యి తీసేస్తుంది. అందుకని చెప్పకుండా బెంగుళూరు దాకా ఏడ్చాను. పాపం, అవ్వ కూడా నాతోపాటు ఏడ్చింది.

బయటికి రాగానే మా ఆవిడ పక్కనుంచి "నాన్నా" అంటూ చిన్ని పరుగెత్తుకొచ్చింది. నా సంకలో ఇమిడే పిల్ల ఇప్పుడు నా నడుము దాటింది. సోమలింగంలో కూర్చోబెడితే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"నాన్నా, ఇది పాపాయిలది," అంది.

విమానం కుర్చీ కొలిచాను, దుకాణంలో సీటు కొలిచాను, కూర్చునే మనిషిని కొలవలేదు. ఫోనులో మొహం కనిపిస్తుంది గానీ కాళ్ళు కనిపించవు కదా.

వెనక నుంచి అవ్వ వచ్చింది. "ఈ పాపేనా?"

"అవునవ్వా. తప్పయిపోయింది. నిన్ను ఊరికే ఏడిపిస్తి."

అవ్వ సోమలింగాన్ని చూసింది, చిన్ని కాళ్ళను చూసింది. "ఊరికే ఏం పోలేదులే. బిడ్డ పోయిందని నేను ఏడిస్తి, బిడ్డ నీకు కనపడకుండా పెరిగినందుకు అది జమైంది."

సరిపోయే సీటు కొన్నాక చిన్ని సెలవులకు మా ఇంటికి వచ్చి పోయింది. సోమలింగం ఇప్పుడు మిషన్ షెడ్డులో ఉన్నాడు. పిల్లి అందులో పిల్లల్ని పెట్టింది, కొలత వాటికి సరిగ్గా సరిపోయింది. ఇక నాపరాయి మీద ఒట్టేసి చెబుతున్నాను: పిల్ల కొలత తీయకుండా ఈ జన్మలో ఏ వస్తువూ కొనను. పిల్లలు ఆగకుండా పెరుగుతారు కాబట్టి, నెలనెలా టేపు జేబులో వేసుకుని బెంగుళూరు పోతున్నాను.