పై మెట్టు జడ

దెయ్యాలూ ఆత్మలూ అని హాస్టల్లో ఎవరైనా గుసగుసలాడితే మొట్టికాయ వేసేది నేనే. లెక్కల టీచర్ని. ప్రార్థన నమ్ముతాను, పుకార్లు నమ్మను. అందుకే ఇది ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మాది చింతపల్లి పైన కొండల్లో మిషన్ బడి, ఆడపిల్లల హాస్టల్. ఎప్పుడో దొరలు కట్టించారు. నేనూ అక్కడే చదివాను. ఇప్పుడు వార్డెన్నీ నేనే.

ఆదివారం ఆరాధనకు ముందు పిల్లలంతా పాత చర్చి మెట్ల మీద వరసగా కూర్చుంటారు. పై మెట్టు పిల్ల కింది మెట్టు పిల్లకు జడ వేస్తుంది. ఎవరి చూపు చూసినా ముందున్న తల మీదే. అన్నిటికన్నా పైన కూర్చున్న పిల్లకు వెనక ఎవరూ ఉండరు కాబట్టి, ఆ జడ వార్డెన్ వేయాలి. దొరసానుల కాలం నుంచీ ఇదే పద్ధతి.

నా చిన్నప్పుడు ఆ పని శాంతమ్మగారిది. పెద్దమ్మా అని పిలిచేవాళ్లం. రిబ్బను పువ్వు కట్టేవారు కాదు. మూడు చుట్లు చుట్టి, కొస జడలోకే దోపేసేవారు. చూడ్డానికి సులువే. నేనెన్నిసార్లు కట్టినా ఊడిపోయేది. ఆమె పోయి ఆరేళ్లయింది. ఆమె చేత జడ వేయించుకున్న పిల్లలెవరూ రెండేళ్లుగా హాస్టల్లో లేరు.

పోయిన ఏడాది పెదబయలు వైపు నుంచి బుద్రి అనే పిల్ల ఆరో తరగతిలో చేరింది. ఆ వానల్లోనే తల్లి జ్వరంతో పోయింది. అమ్మ దువ్విన తల అని ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. జుట్టు అట్టలు కట్టేసింది. రెండుసార్లు పారిపోతే ఘాట్ రోడ్డులో జీపువాళ్లు పట్టి తెచ్చారు. మూడోసారి ఏ లోయలోనో పడితే? భయమేసి, తీసుకుపొమ్మని తండ్రికి కబురు పెట్టాను. ఇంటికి వెళితే దాని చదువు అంతటితో సరి. అది తెలిసే పెట్టాను.

అతను వస్తానన్న ఆదివారం పొద్దున్నే బుద్రిని పై మెట్టు మీద కూర్చోబెట్టి, పక్కన దువ్వెన పెట్టి, టీసీ రాయడానికి ఆఫీసు గదిలోకి వెళ్లాను. పావుగంట పట్టిందేమో.

తిరిగొచ్చేసరికి బుద్రికి నున్నగా దువ్విన రెండు జడలు. ఆ చిక్కు తీయడానికే నాకైతే గంట పట్టేది. రిబ్బన్లు మూడు చుట్లు. కొస లోపలికి దోపి ఉంది.

ఎవరు వేశారే అని గద్దించాను. మెట్ల మీది పిల్లలెవరూ లేవలేదన్నారు. బుద్రి వెనక పాత చర్చి తలుపే ఉంది. దానికి బయటి నుంచి తాళం. తాళం చెవి నా కొంగున.

"ముసలామె. తెల్ల సీర," అంది బుద్రి. "ఏడవకే గుంటా, బేగి అయిపోద్ది అంది."

ఆ మాట నేను పదేళ్ల వయసులో అదే మెట్టు మీద విన్నాను.

మధ్యాహ్నం తండ్రి వచ్చాడు. కాసేపు మాట్లాడి ఒక్కడే నా దగ్గరికొచ్చాడు. "రాదంట టీచరమ్మా. ఇక్కడే సదువుకుంటాదంట. ఏటి సేత్తాం?" టీసీ చింపేశాను. బుద్రి ఇప్పుడు ఏడో తరగతి, మళ్లీ పారిపోలేదు. పెద్ద పిల్లలెవరైనా వేసి దాచారేమోనని చాలాసార్లు ఆలోచించాను. ఆ రిబ్బను కట్టు వాళ్లకెలా వస్తుందో తెలియదు.

ఆ సాయంత్రం పిల్లలు ఆటకు వెళ్లాక, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, జుట్టు ముడి విప్పుకుని ఆ పై మెట్టు మీద కూర్చున్నాను. యాభై రెండేళ్లదాన్ని. దువ్వెన పక్కనే పెట్టుకున్నాను.

చాలాసేపు కూర్చున్నాను. ఎవరూ రాలేదు. పదకొండేళ్ల పిల్ల మీద అసూయపడి ఏడ్చాను.