డబ్బాలో సగం శబ్దం

“...మూత మీద చీటీ మార్చినంత మాత్రాన లోపలున్న ఉప్పు పంచదారైపోతుందా?”

“అవకపోతే నా కంప్యూటర్లో ఎలా ఆడింది వదినా?”

“నీ కంప్యూటర్ రాళ్ళు పెట్టినా అరిగించుకుంటుంది. పిల్లల ఫోన్లకి అంత ఓపిక లేదు.”

పెళ్ళి వీడియోలు తయారుచేసే ఆ ఇంటి మిక్సింగ్ గదికీ పక్కనున్న జెరాక్స్ కొట్టుకూ మధ్య గోడ పలచన. ఆ కొట్టతను తల ఎత్తకుండా కాగితాలు తిప్పుకుంటూనే ఉన్నాడు. వదినామరుదుల తగువు వినపడని రోజున ఇవాళ సెలవా అని అడుగుతాడు తప్ప, వినపడితే పట్టించుకోడు.

ఈసారి తగువు ఒక పాఠం గురించి. చెవులు వినపడని పిల్లల బడికి వీళ్ళు పాఠాల వీడియోలు చేసిపెడుతున్నారు. టీచరు కెమెరా ముందు నిలబడి సైగలతో పాఠం చెబుతుంది. పిల్లలు ఇళ్ళ దగ్గర ఫోన్లలో చూసుకుని పరీక్షకు చదువుకోవాలి. ఫైలు ఎంపీఫోర్ అయి ఉండాలనీ, తాము చెప్పిన సైజు దాటకూడదనీ బడి ఆఫీసు షరతు. మరిదికి పొద్దున్నే ఇంకో పని తగిలింది. కెమెరా ఇచ్చిన ఫైలు పేరు చివర ఉన్న అక్షరాలు చెరిపేసి, ఎంపీఫోర్ అని రాసి పంపేసి చేతులు దులుపుకున్నాడు. అది అక్కడ తెరుచుకోలేదు.

ఎంపీఫోర్ అనేది డబ్బా పేరని ఆమె అతనికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. డబ్బాలో బొమ్మ ఒక పొట్లం, శబ్దం ఇంకో పొట్లం. ఏ పొట్లాన్ని ఏ పద్ధతిలో కుక్కారో పేరు చూస్తే తెలియదు, మూత తీసి చూడాలి. ఈ పాఠం చెప్పీ చెప్పీ ఆమెకు విసుగొచ్చింది గాని అతనికి పాఠం రాలేదు. “డబ్బాల వదిన” అని పేరు మాత్రం పెట్టాడు. ఇప్పుడు చుట్టాలు కూడా అలాగే పిలుస్తున్నారు.

కోడలిగా వచ్చిన కొత్తలో ఆమెకు మౌస్ పట్టుకోవడం తెలియదు. అన్నదమ్ములిద్దరూ కెమెరాలు భుజాన వేసుకుని పెళ్ళిళ్ళకు పోతే, కరెంటు పోతే బ్యాటరీ అయిపోయేలోగా కంప్యూటరు ఆపడానికి కాపలా కూర్చునేది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. కాపలా కాస్తూనే పని పట్టేసింది. ఇప్పుడు వాళ్ళు తెచ్చి పడేసినదాన్ని కోసి, అతికించి, కుదించి, మనుషులు చూడగలిగేట్టు చేసేది ఆమే. నడుము నొప్పికి కుర్చీలో రెండు దిళ్ళు వేసుకుంది. భర్త ఈ తగువుల్లో తలదూర్చడు, కెమెరా సంచీ సర్దుకుని బయటపడతాడు.

ఆమె తన డబ్బాల పాఠాన్ని మళ్ళీ మొదలుపెట్టేలోగా గుమ్మంలో సైగల టీచరు కనిపించింది. టీచరుకూ చెవులు వినపడవు. చెప్పదలచుకున్నది ఫోన్‌లో టైపు చేసి చూపిస్తుంది.

పొద్దున తెరుచుకోని ఫైలు కోసమే వచ్చిందనుకుని, వదిన మరిది వైపు ఒక చూపు విసిరింది. కాదట. టీచరు తెరిచి చూపించింది పోయిన వారం ఇచ్చిన పాఠం. అది వదిన స్వయంగా కుదించినది. ఫోన్ తెర మీద టీచరు నిలబడి ఉంది. వెనక గోడ శుభ్రంగా ఉంది, చీర అంచు కూడా శుభ్రంగా ఉంది. చేతులు కదిలినప్పుడల్లా వేళ్ళు ఒకదానిలో ఒకటి కరిగిపోతున్నాయి.

టీచరు టైపు చేసింది: “ఈ పాఠంలో నాకు వేళ్ళు లేవు. గంజి ఉంది.”

మరిది మెడ సాచి చదివాడు. అతనికి తప్పు కనపడలేదు. తనకైతే అంతా అర్థమవుతోందనీ, మాట గంట కొట్టినట్టుందనీ అన్నాడు. ఆ మాట అతనిదే. టీచరు సైగలకు తగ్గట్టు పాఠాన్ని పైకి చదివి రికార్డు చేసేది అతనే. పెళ్ళిళ్ళలో మైకు పట్టుకున్న గొంతది, దాని మీద అతనికి కొంచెం మురిపెం. నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనని వదిన నోటిదాకా వచ్చింది. టీచరుకు వినపడదని తెలిసినా నాలిక కరుచుకుంది.

టీచరు మళ్ళీ టైపు చేసింది. లెక్కల పాఠంలో ఏడుకీ ఎనిమిదికీ తేడా ఏ వేలు బొటనవేలికి తగిలిందన్నదేనట. పిల్లలు సగం మంది ఏడనీ, సగం మంది ఎనిమిదనీ రాసుకొచ్చారట. పరీక్ష దగ్గర పడింది. కింద ఒక ప్రశ్న: “మాకు పంపేముందు దీన్ని ఎవరు చూశారు?”

వదిన చూసింది. అంటే, చూడలేదు. ఆమెకొక అలవాటుంది. తయారైన వీడియోను ఆడనిచ్చి, తను వంటింట్లో పని చూసుకుంటూ వింటుంది. ఎక్కడైనా శబ్దం తెగితే, గరగరమంటే పరిగెత్తుకొస్తుంది. ఒకసారి ఒక పెళ్ళివారు పాట మధ్యలో తెగిపోయిందని వీడియో తిరిగి తెచ్చి గొడవ చేశారు. బొమ్మ కాస్త మసకబారితే మన్నించినవాళ్ళున్నారు గాని శబ్దం పోతే ఊరుకున్నవాళ్ళు లేరు. అప్పటినుంచి, ఎంత కుదించినా శబ్దం జోలికి పోకూడదని ఇంట్లో కట్టడి చేసింది ఆమే. బడి పాఠాలన్నిటినీ కూడా అలాగే వంటింట్లోంచి విని, బాగున్నాయని పంపించింది.

ఆమె కుర్చీ లాక్కుని ఫైలు మూత తీసి చూసింది. డబ్బాలో సగానికి పైగా శబ్దమే ఉంది. మిగిలిన ఇరుకులో బొమ్మ కుక్కుకుని ఉంది. కదలని గోడకు చోటు పెద్దగా అక్కర్లేదు, ఒకసారి దాచుకుంటే చాలు. కదిలేదానికే చోటు కావాలి. ఈ పాఠాల్లో కదిలేవి ఆ చేతులొక్కటే. నొక్కుడంతా వాటి మీదే పడింది.

“చూశావా? టీచరు వేళ్ళు తిన్నది నీ గొంతే,” అంది మరిదితో.

“శబ్దం జోలికి పోకు పోకు అని నా ప్రాణం తీసింది నువ్వే కదా వదినా.”

ఆ మాట నిజమైనందుకు ఆమెకు ఇంకా కోపమొచ్చింది. ఆ ఒక్క లెక్కల పాఠం సరిచేసి ఇస్తే సరిపోతుందన్నాడు అతను. బడి ఆఫీసువాళ్ళు మాట ఉండాలన్నారనీ, మూగ వీడియో పంపిస్తే పని సగమే చేశారంటారనీ, కావాలంటే శబ్దాన్ని కొంచెం తగ్గించమనీ, మరీ గరగరలాడేట్టు మాత్రం చేయొద్దనీ చెప్పుకుపోతున్నాడు. తన గొంతు గరగరలాడటం అతను ఊహించుకోలేకపోతున్నాడు.

టీచరు ఇద్దరి పెదాలనూ మార్చి మార్చి చూస్తోంది. వదిన ఆమె ఫోన్ అడిగి తీసుకుని, మెల్లగా ఒక్కో అక్షరం నొక్కుతూ, పాఠాల్లో ఉన్న మాట పిల్లల్లో ఎవరికైనా పనికొస్తుందా అని రాసింది.

టీచరు చదివి, రాసింది: “మా ఆఫీసులో గుమస్తాకి పనికొస్తుంది. ఆయన కళ్ళు మూసుకుని పాఠాలు తనిఖీ చేస్తారు.”

వదినకు నవ్వు రాలేదు. వంటింటి గుమ్మం వైపు చూసి, ముఖం తిప్పుకుంది. ఎంత పిసికి చిన్నది చేసినా శబ్దం కొంత చోటు తింటూనే ఉంటుంది. ఆఫీసు చెప్పిన సైజు పెరగదు. కెమెరా అసలు ఫైళ్ళన్నీ డిస్కులోనే ఉన్నాయి. పాడైనదాన్ని మళ్ళీ బాగుచేయలేరు గాని, అసలువాటినుంచి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. తెర మీద పెళ్ళి వీడియో ఒకటి సగంలో ఆగి ఉంది. వాళ్ళు పొద్దుటినుంచి ఫోన్లు చేస్తూనే ఉన్నారు.

ఆమె ఆ పెళ్ళిని మూసేసి, దిళ్ళు సర్దుకుని కూర్చుంది. చెప్పబోయేది ముందు టీచరు ఫోన్‌లో రాసి చూపించి, తరవాత మరిది వైపు తిరిగింది.

“పాఠాలన్నీ అసలు ఫైళ్ళనుంచి మళ్ళీ చేస్తున్నాను. ఒక్కదాంట్లోనూ శబ్దం ఉండదు. బడి ఆఫీసుకి నేను ఫోన్ చేస్తాను, పెళ్ళివాళ్ళకి నువ్వు చెయ్యి.”