ఎవరి డబ్బా వారు తినకూడదు

పక్కింట్లో ఇంగువ పోపు చిటపటలాడింది. ఆ వెనకే కరివేపాకు, ఉడుకుతున్న చింతపండు పులుసు ఘాటు మా వంటింటి కిటికీలోంచి వచ్చి నేరుగా ముక్కులో దూరాయి. శనివారం సాయంత్రం పులిహోర వాసన తగిలితే నా చెయ్యి దానంతటదే ఫోన్ దగ్గరికి పోతుంది. అది మోగదు. మోగదని నాకూ తెలుసు. అయినా కాసేపు దానివంకే చూస్తూ నిలబడతాను.

ఆ ఫోన్ చేసే మనిషి నూర్జహానక్క. తెనాలిలో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. మా హైకింగ్ బృందానికి పెద్ద. తెనాలి పక్కన కొండలెక్కడివండీ అని మీరు నవ్వొచ్చు. మేమూ నవ్వాం. "కొండల్లేకపోతే మీకు కాళ్ళు కూడా లేవా?" అని మా నోళ్ళు మూయించింది. ఆదివారం తెల్లవారగానే రేపల్లె పాసింజరెక్కి, దిగి, పెనుమూడి వైపు కృష్ణ కరకట్ట మీద నడిచేవాళ్ళం. లేదంటే బాపట్ల వెళ్ళి సముద్రపు ఒడ్డున. తలమీద కొంగు జారకుండా దోపుకుని, చీర కింద తెల్ల బూట్లు వేసుకుని ఆవిడ అందరికంటే ముందు నడిచేది. నిజం చెప్పాలంటే నడక ఒక సాకు. అసలు సంగతి ఆ తర్వాత భోజనం. తలా ఒక వంటకం తేవాలి. ఎవరేం తేవాలో శనివారం సాయంత్రం అక్క ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పేది. ఒకటే షరతు, ఎవరి డబ్బా వారు తినకూడదు.

నాది కళ్ళజోళ్ళ షాపు. అక్క అద్దాలు మార్పించుకోవడానికి వచ్చి నన్ను ఈ బృందంలోకి లాగింది. అప్పటికి నా భార్య పోయి రెండేళ్ళు. పగలంతా షాపులో పదిమందితో మాట్లాడి, రాత్రి కర్రీ పాయింట్‌లో కూర కొనుక్కొచ్చి టీవీ ముందు తినేవాణ్ణి. కొన్నాళ్ళకు అది ఏం కూరో అడగడం కూడా మానేశాను. మొదటి ఆదివారం అలాగే, దారం కట్టిన కవర్లో దొండకాయ వేపుడు పట్టుకెళ్ళాను. అక్క దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తింది.

"ఏంటి తమ్ముడూ ఇది?"

"కొన్నానండి. నాకు వంట రాదు."

"రాకపోతే మాడ్చుకునిరా. మాడింది తింటాం గానీ కవర్లో కూర మాకొద్దు."

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఇంకోసారి వస్తే చూడు అనుకున్నాను. శనివారం ఫోన్ మోగింది. "రేపు నీది వంకాయ. అన్నంలోకి ఇంకో కూర చెప్పలేదు. నువ్వు రాకపోతే అందరం పస్తే." పెట్టేసింది. ఏం చేస్తాను! మా ఆవిడ పోయాక అటకెక్కిన మూకుడు దింపి, కడిగి, వంకాయలు నిజంగానే మాడ్చాను. మర్నాడు కరకట్ట మీద వేరేవాళ్ళ పప్పూ అన్నం ముందు పెట్టుకుని, నా డబ్బా వైపు దొంగచూపులు చూస్తూ కూర్చున్నాను. బాపట్ల నుంచి వచ్చే చేపల వ్యాపారి వెంకటేశు వేళ్ళు నాక్కుంటూ, "మాడింది గానీ అన్నగారూ, ఉప్పు మాత్రం సరిపోయిందండి" అన్నాడు. రెండేళ్ళలో ఉప్పు సంగతి నాతో మాట్లాడిన మొదటి మనిషి అతనే.

ఒకసారి అక్క ఫోన్ పాడైంది. ఎవరికీ కబురు లేదు. మర్నాడు సముద్రపు ఒడ్డున డబ్బాలు తెరిస్తే అన్నీ పులిహోరే. పాడవదు కదా అని అందరికీ ఒకే తెలివి పుట్టింది. ఎప్పుడూ సొరకాయ దాల్చా తెచ్చే అక్క కూడా ఆవేళ పులిహోరే తెచ్చింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, "రూలు రూలే. ఎవరి పులిహోర వాళ్ళు ముట్టుకోడానికి వీల్లేదు" అంది. అలా పక్కవాళ్ళ పులిహోర తిన్నాం. ఆ వారం మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చి షాపులో ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

మరో శనివారం ఫోన్ రాకపోతే మళ్ళీ పాడైందనుకుని హుషారుగా పులిహోర కలిపాను. స్టేషన్లో తెలిసింది, అక్కకు జ్వరమని. నేను రైలెక్కలేదు. డబ్బా పట్టుకుని మసీదు వెనక సందులో ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఇంటినిండా జనం ఉంటారనుకున్నాను. ఒక మంచం, ఒక కుర్చీ, కడిగి బోర్లించిన ఒక్క కంచం.

"ఇంట్లో ఎవరూ లేరా అక్కా?"

"ఎవరున్నారు తమ్ముడూ? శనివారం మీకు ఫోన్లు చేస్తానే, అప్పుడే ఈ ఇంట్లో మాటలు వినపడేది."

అందరికీ ఫోన్ చేసే మనిషికి ఒక్కసారైనా ఎవరమూ ఫోన్ చేయలేదు. డబ్బా మూత తీశాను. "నువ్వు తిన్నావా?" అంది. "నా డబ్బా నేనెట్లా తింటానండి?" అన్నాను. నవ్వింది. గోడ పట్టుకుని లేచి, అలమరలోంచి చిన్న సీసా తెచ్చి రెండు ఖర్జూరాలు నా చేతిలో పెట్టింది. "ఇది నా డబ్బా. తిను."

ఆ తర్వాత ప్రతి శనివారం నేనే ముందు ఫోన్ చేసేవాణ్ణి. "అక్కా, రేపు మీది దాల్చా." "నాకే చెప్తావుట్రా!" అని కసిరేది, కానీ మొదటి రింగుకే ఎత్తేది. పోయినేడు వానలకు ముందు ఆ ఎత్తే మనిషి పోయింది. బృందం తలోదారి అయింది. ఒకరికి మోకాళ్ళు, ఒకరికి మనవలు. ఎవరినీ తప్పుపట్టలేను.

నేను మాత్రం వెళుతున్నాను. పోయిన ఆదివారం పెనుమూడి కరకట్ట మీద మూత తీసిన డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చెయ్యి వెళ్ళలేదు. పక్కన వల బాగుచేసుకుంటున్నతను చాలాసేపు చూసి, "తినరేంటి బాబాయ్?" అన్నాడు.

"నాది నేను తినకూడదు. నీ డబ్బాలో ఏముంది?"

వింతగా చూశాడు. "నిన్నటి చేపల పులుసండి" అంటూ మెల్లగా ఇటు జరిపాడు. నేను నా డబ్బా అటు జరిపాను. పులుసు బాగుంది. అతను నా పులిహోర రెండు ముద్దలు తిని, కాస్త మొహమాటపడి, "ఉప్పు కొంచెం తగ్గిందండి" అన్నాడు.

ఇప్పుడే చింతపండు నానబెట్టాను. రేపు ఉప్పు ఇంకాస్త వేస్తాను.