మాట అందించని బాబాయి

మా నరసరావుపేట చిన్న హాల్లో రేపటి నుంచి వేసవి నాటకాలు. ఈ సాయంత్రం ఆఖరి రిహార్సల్. పదిహేనేళ్ల తర్వాత గుమ్మంలోకి వచ్చిన చెల్లెలితో, అన్న వేషంలో నేను "లోపలికి రామ్మా" అనాలి. ఆ మాటే మర్చిపోయాను.

పక్క తెర చాటున మాటలు అందించే ఏసురత్నం బాబాయి వైపు చూశాను. ప్రతి వేసవీ ఈ నాటకానికి ఆయనే. మొత్తం కంఠతా వచ్చు. పుస్తకం ఒళ్లో మూసి పెట్టుకుని గుమ్మం వైపే చూస్తున్నాడు.

"ఏంది బాబాయ్, మాట అందియ్యవా?"

"నువ్వు రానిస్తావో లేదో అని చూస్తన్నా రా."

కిటికీలోంచి పడే ఏటవాలు ఎండలో ఆ అట్ట గుమ్మం నిజం గుమ్మంలాగే ఉంది.

రేపు నేను మళ్లీ మర్చిపోతే బాబాయిని నమ్ముకోలేను. ముందు వరసలో కూర్చునేవాళ్లు ఎవరైనా ఆ పిల్లను లోపలికి పిలవండి.