కాలవ గట్టున పొడి పంచె

"నీ తమ్ముడు మన నీళ్ళు మళ్ళించుకున్నాడు. పోయి గండి పూడ్చిరా. మూతిమీద మీసాలెందుకు మరి?" అన్నాను.

"పూడ్చొస్తాలే. నేనొచ్చేలోపు నువ్వా నోరు పూడ్చుకో," అని నవ్వుతూ వెళ్ళాడు.

నా పెనిమిటికీ నాకూ అవే ఆఖరి మాటలు. డెబ్బై రెండో సంవత్సరమో, మూడో, సరిగ్గా గుర్తులేదు. కాలవ నీళ్ళ వంతు ఆ రోజు మాది. నా మరిది, అంటే మీ నాన్న, గట్టు తెంపి తన నారుమడిలోకి తిప్పుకున్నాడు. రాసుకో తల్లీ, ఆగకు. గండి పూడుస్తుంటే బొరియలోని పాము కరిచింది. బెజవాడ ఆసుపత్రికని బస్సెక్కించాం. పెనమలూరు దాటకముందే నా ఒళ్ళో ప్రాణం పోయింది.

రెండేళ్ళు మీ గడప తొక్కలేదు. మీ నాన్నకు కీడు జరగాలని మోకాళ్ళ మీద అడిగాను. దేవుడు అతనికి మారుమనసు ఇచ్చాడు! ఆదివారం ప్రార్థనప్పుడు గుడిలో లేచి, "అన్నని నేనే చంపుకున్నాను. నాకు బాప్తిస్మం ఇవ్వండి," అని ఏడ్చాడు. అందరూ స్తోత్రం అన్నారు. నేను మధ్యలోనే లేచొచ్చేశాను.

బాప్తిస్మానికి కాలవలో మునిగి పైకొచ్చిన మనిషికి ఇంటివాళ్ళే పొడిబట్ట అందించడం మా సంఘంలో పద్ధతి. మీ అమ్మ నిన్ను కని పదిరోజుల బాలింత. బాప్తిస్మమిచ్చే పాస్టరు అయ్యగారు నా దగ్గరికి వచ్చారు.

"పెద్దకోడలివి, నువ్వే రావాలమ్మా."

"నా మొగుణ్ణి పొట్టనపెట్టుకున్నవాడికా అండీ?"

"దేవుడి కనికరం నాకూ అర్థం కాదమ్మా. ఆయన చెప్పింది చేస్తాను, అంతే."

వెళ్ళాను. ఇంట్లో ఉన్న మగబట్ట ఒక్కటే, నా పెనిమిటి పంచె. మీ నాన్న నీళ్ళలోంచి లేచి, వణుకుతూ గట్టుకిందే ఆగిపోయాడు. పంచెను గుర్తుపట్టాడు.

"అది వద్దొదినా. తడిబట్టతోనే పోతాను."

గట్టుమీద పాట ఆగిపోయింది. అందరి కళ్ళూ నామీదే. పంచెను కాలవలోకి విసిరేద్దామనిపించింది. ప్రభువా, నాకిది ఇష్టం లేదని లోపలే చెప్పాను. ఇష్టం కలిగాక చేద్దామంటే చచ్చేదాకా కలగదు. బురదలోకి దిగాను.

"కప్పుకో. నీకు జ్వరమొస్తే బాలింతకి ఎవరు చేస్తారు?"

ఆ కనికరం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మీ నాన్న తన తప్పు అందరిముందూ ఒప్పుకున్నాడు. నా పెనిమిటిని ఆ గండికి ఎగదోసి పంపింది నేనని మాత్రం ఈ రోజుదాకా ఎవరికీ చెప్పలేదు. అదీ రాశావా? ఏడవకు, కాగితం తడుస్తుంది. నా మాట దిద్దకుండా, మొదటినుంచీ చదువమ్మా, వింటాను.