పెద్ద మామా తిన్న గింజల కూర

కిందటి శుక్రవారం సౌదీలోని అల్ ఖోబార్‌లో, అజీజియాలోని మా అమ్మాయి ఫ్లాటుకి ఎదురింటి బ్రెజిల్ ఆవిడ మూతపెట్టిన గిన్నె ఒకటి తెచ్చి ఇచ్చింది. నల్ల గింజలూ మాంసమూ కలిపి చిక్కగా ఉడికించిన కూర. వాళ్ల దేశంలో పందిమాంసంతో చేస్తారట, ఇక్కడ గొడ్డుమాంసంతో సరిపెట్టుకుందట. పేరు ఫెజ్వాద అంది. ఆ మాట నా చెవిన పడి ఎన్నేళ్లయిందో!

చాలా ఏళ్ల కిందట మా ఆయన పోయాక, ఇంకా మాటలు కూడా సరిగ్గా రాని పిల్లను నరసాపురంలో మా అక్క దగ్గర వదిలి, ఇదే సౌదీలో బురైదాలో ఖర్జూరపు తోటల పక్కనున్న ఒక పెద్ద ఇంట్లో పనికి కుదిరాను. నా వయసువాళ్లకు ఆ రోజులు తెలిసే ఉంటాయి. మన పాస్‌పోర్టు వీసా ఇచ్చిన ఖఫీల్ బీరువాలో ఉండేది, ఆయన దయతలచి ఖురూజ్, అంటే దేశం దాటే అనుమతి, ఇప్పిస్తే ఇంటికి, లేకపోతే లేదు. ఇంటి ఆడవాళ్లను మామా అని పిలవాలి, మన భాషలో ఆ మాటకు అర్థం వేరు కనక మొదట్లో నవ్వొచ్చేది. ఖఫీల్ తల్లి పెద్ద మామా. పళ్లు లేవు, మతి లేదు, కన్నకొడుకుని కూడా గుర్తుపట్టేది కాదు.

వంటింట్లో నాకంటే ముందునుంచీ గోవా దీదీ ఉండేది. ఇద్దరం వచ్చీరాని హిందీలో మాట్లాడుకునేవాళ్లం. వాళ్ల అమ్మమ్మ పోర్చుగీసు వాళ్ల హయాంలో నేర్చుకున్న ఫెజ్వాదను దీదీ ఆ ఇంట్లో వండేది. పంది సాసేజీ ఊసెత్తడానికి లేదు కనక, గొర్రెమాంసానికి వెనిగరూ వెల్లుల్లీ పట్టించి, డాబా మీద ఎండబెట్టి, రాజ్మా గింజలతో పొద్దున్నుంచీ సన్నసెగన ఉడికించేది. మా గోదావరి వైపు మాంసంలో చింతచిగురు వేస్తాం గాని, ఇలా గింజలు కలపడం నేనెరగను. ఆ కూర మెత్తగా మెదిపి దీదీ వేలితో అందిస్తేనే పెద్ద మామా నోరు తెరిచేది. కోడలు పెట్టినా, కూతురు పెట్టినా పెదవులు బిగించేసేది.

దీదీకి ఆ కూరే సంకెల అయింది. ఊళ్లో ఆమె కొడుకు మోటారుసైకిలు మీంచి పడి మంచాన పడ్డాడని కబురొచ్చింది. ఖురూజ్ అడిగితే ఇంటి మేడం, ఖఫీల్ భార్య, ఒకటే మాట అంది.

“నువ్వెళితే అత్తగారు పస్తుంటుంది. ఆవిడ ఎవరిచేత తింటుందో చూపించు, అప్పుడెళ్లు.”

దీదీ ఏడ్వలేదు. నా రెక్క పట్టుకుని పొయ్యి దగ్గరికి లాక్కుపోయింది.

“నేర్చుకో చెల్లీ. ఉప్పు గింజ మెత్తబడ్డాకే వెయ్యాలి, ముందేస్తే రాయిలా ఉండిపోతుంది.”

నా ఒప్పందం కూడా అప్పటికి చివరికొచ్చింది. పిల్లకు గౌన్లు కొని పెట్టెలో సర్దుకున్నాను. పెద్ద మామా నా చేతి ముద్ద మింగితే దీదీ వెళుతుంది, నేను ఆగిపోతాను. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కాస్త మాడ్చినా, కాస్త కారం ఎక్కువేసినా ఆవిడ ఉమ్మేసేది, నేను ఇంటికెళ్లిపోయేదాన్ని. నాకా ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. కానీ పక్కన నిలబడి, గింజ నలిగిందో లేదో వేలితో చూస్తున్న దీదీ ముఖంలోకి చూస్తూ ఆ పని చెయ్యలేకపోయాను.

ముద్ద నోటి దగ్గర పెడితే ముసలావిడ నన్ను చాలాసేపు చూసింది. తర్వాత నోరు తెరిచింది.

“ఇంకా,” అంది అరబ్బీలో.

గుమ్మంలో మేడం హాయిగా నవ్వింది. దీదీ వెనక్కి తిరిగి గోడకు తల ఆనించుకుంది.

దీదీ వెళ్లిపోయింది. కొడుకు బతకలేదట, కానీ పోయేదాకా ఆమె చేతి గంజి తాగాడని తర్వాత ఎవరిచేతో కబురు పంపింది. నేను మాత్రం సెలవడిగిన ప్రతిసారీ మేడం పెద్ద మామా గది వైపు చూపించేది. అలా ఏళ్లు గడిచాయి. పరాయి తల్లి గడ్డం తుడుస్తూ, నా పిల్లకు ఇప్పుడు ఎన్ని పళ్లొచ్చాయో, ఏవి ఊడిపోయాయో అనుకునేదాన్ని. ఆవిడ నా ఒళ్లోనే పోయింది. వెక్కివెక్కి ఏడ్చాను. ఇంటివాళ్లు నా ప్రేమకు కదిలిపోయి, ఆ వారమే టికెట్టు తీశారు. నేనెందుకు ఏడ్చానో వాళ్లకి తెలియదు, నాకూ సరిగ్గా తెలియదు.

నరసాపురంలో దిగిన రోజున పప్పూ నెయ్యీ కలిపి ముద్ద చేసి పిల్ల నోటికి అందించాను. అది పెదవులు బిగించి, మా అక్క చీరకుచ్చిళ్లలో ముఖం దాచుకుంది.

“అమ్మా, ఈవిడ వద్దు. నువ్వు పెట్టు,” అంది అక్కతో.

అక్క ఏడుస్తూనే కంచం అందుకుంది.

ఇప్పుడు రోజులు మారాయంటారు. కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఖురూజ్ కాగితం కోసం ఖఫీల్ ముందు చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదట, ఫోన్లోనే పని జరిగిపోతుందట. ఇళ్లల్లో పనిచేసే మనూరి ఆడపిల్లలు వీడియోలో పిల్లలకు కథలు చెబుతూ అన్నం తినిపించడం పార్కులో కళ్లారా చూశాను, సంతోషమనిపించింది. మా అమ్మాయి కూడా నన్ను బాగానే చూసుకుంటుంది, ఎక్కడికెళ్లినా వెంట తీసుకెళుతుంది, అమ్మా అనే పిలుస్తుంది. అయితే అన్నం కలిపి నేను ముద్ద చెయ్యబోతే, చాలా మర్యాదగా, “కంచంలో పెట్టెయ్యమ్మా, నేను తింటాలే” అంటుంది.